ఖాలా విన్న మాట

మొన్న మార్చి మొదటివారంలో, క్యారీలో మా ఇంటి దగ్గరి కిరాణా కొట్లో, పిల్లులు తినే గడ్డి అని చిన్న చిన్న ట్రేల్లో గోధుమ మొలకలు పెట్టి అమ్ముతుంటే కార్ట్ ఆపి వంగి వాసన చూశాను. తడి మట్టీ పచ్చిపాలూ కలిసినట్టుండే ఆ వాసన తగలగానే మళ్ళీ తొమ్మిదేళ్ళ పిల్లనై, అరోరాలో మా టౌన్‌హౌస్ మెట్ల మీద తడిసిన సాక్సులతో నిలబడ్డాను.

మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడకి అవతల అజర్‌బైజాన్ నుంచి వచ్చిన సోల్మజ్ ఖాలా, హాస్పిటల్లో పనిచేసే తన కూతురితో ఉండేది. ఖాలా అంటే వాళ్ళ భాషలో పిన్ని; హైదరాబాద్‌లో పెరిగిన మా నాన్నకి ఉర్దూ పుణ్యమా అని ఆ మాట ముందే తెలుసు కాబట్టి, తెలిసినవాళ్ళందరూ నాకు ఆంటీలైతే ఆవిడ ఒక్కతే ఖాలా అయింది. ఆవిడకి ఇంగ్లీష్ అంతంతమాత్రం, అయినా రెండిళ్ళ మధ్య మాటలకేం లోటుండేది కాదు, బజార్, మైదాన్, పరదా, జవాబ్ అంటూ ఆవిడ మాటల్లోంచి మా ఇంటి మాటలే బయటికొస్తుంటే, అమ్మ ఒక్కోటీ పట్టుకుని "గిది మనదే గదా!" అని మురిసిపోయేది. మేము ఆవిడకి 'గొన్షు', అంటే పొరుగువాళ్ళం. ఆ మాటతో ఆవిడ అత్తనో అక్కనో పిలిచినట్టు పిలిచేది. వాళ్ళ ఊళ్ళో వంట వాసన గోడ దాటిందంటే అందులో పొరుగింటి వాటా తీసిపెట్టాల్సిందేనట, వెళ్ళిన పళ్ళెం ఖాళీగా తిరిగి రాకూడదట. అందుకని ఆవిడ నీలిపువ్వుల పింగాణీ పళ్ళెమూ మా స్టీలు పళ్ళెమూ ఏడాది పొడుగునా ఆ రెండు గుమ్మాల మధ్య తిరుగుతూనే ఉండేవి.

చలి విరిగే రోజుల్లో వాళ్ళ కొత్త సంవత్సరం, నొవ్రుజ్, వచ్చేది. దానికి ముందు నాలుగు మంగళవారాలు వాళ్ళకి పండగే. ఖాలా కిటికీ గట్టు మీద పళ్ళెంలో గోధుమలు మొలకెత్తించి ఎర్ర రిబ్బను కట్టేది. మా గర్జెల్లాంటి మిఠాయిలే, బాదంపొడీ పంచదారా ఏలకులూ కూరినవి, ఒక్కోదాని మీదా చిన్న పట్టకారుతో గోధుమకంకి గీతలు గిల్లుతూ చేసేది. నేను గిల్లినవన్నీ చిరిగిపోయి పంచదార కారిపోతే అవి నాకే పెట్టేది. వెనక డాబా మీద అల్యూమినియం ట్రేలో పాత పేపర్లు ముట్టించి, ఈ ఏటి జబ్బులన్నీ ఇందులో పడిపోవాలని నా చెయ్యి పట్టుకుని మంట మీంచి దూకించేది. అమ్మ కిటికీలోంచి చూస్తూ గౌను జాగ్రత్త అని అరిచేది.

ఆ మొలకల పళ్ళెం పక్కనే ఒక ఫోటో, వీధివైపు తిరిగి ఉండేది. పంతొమ్మిదేళ్ళకి యుద్ధానికి వెళ్ళిన కొడుకు ఎల్చిన్. తిరిగి రాలేదు, పోయాడని కబురూ రాలేదు. వీధిలోంచి వచ్చేవాడికి ముందు తన మొహమే కనపడాలని ఆ ఫోటో అలా పెట్టిందేమోనని నాకు అనిపించేది, అడగడానికి భయమేసేది.

చివరి మంగళవారం సంగతి ఆవిడే చెప్పింది. ఆ సాయంత్రం మనసులో ఒక కోరిక తలుచుకుని, చప్పుడు కాకుండా పొరుగువాళ్ళ తలుపు దగ్గర నిలబడాలట. లోపలినుంచి మొదట ఏ మాట వినపడితే అదే జవాబట. అందుకే ఆ సాయంత్రం వాళ్ళ ఊళ్ళో ఎవరూ ఇంట్లో చెడ్డమాట అనరు, బయట ఏ గొన్షు నిలబడి ఉందోనని. మా అమ్మ కూడా దీపాలవేళ "గట్ల అనొద్దు, తథాస్తు దేవతలుంటరు" అనేది గనక నాకిదేం వింతగా అనిపించలేదు. వాళ్ళ దేవతలు తలుపు బయట నిలబడతారు కాబోలనుకున్నాను. లోపలివాళ్ళకి ముందే చెబితే జవాబు చెల్లదని కూడా ఖాలా అంది. ఈ దేశంలో తను వినగలిగే తలుపు మాదొక్కటే.

నేను అమ్మానాన్నలకి చెప్పలేదు. కానీ ఆవిడ కోరికేమిటో తెలుసు. ఆవిడ దగ్గర నేర్చుకున్న మాటల్లో 'గెలెజెక్' ఒకటి; వస్తాడు అని అర్థం, వాళ్ళ భాషలో భవిష్యత్తుకి కూడా అదే మాట. ఖాలా మెట్లెక్కగానే నేను తలుపు వెనకనుంచి ఆ మాట అనాలి. ఆ మంగళవారం స్కూలునుంచి వచ్చిందగ్గర్నుంచీ మేడమీద కిటికీ దగ్గర కూర్చుని ఆ మాటే నములుతున్నాను.

ఆ రోజు పొద్దున్నే మా వాటర్ హీటర్ పాడైంది. ప్లంబర్ కోసం నాన్న ఆఫీసు మానేసి ఇంట్లో కాచుకుని కూర్చున్నారు. చీకటి పడుతుండగా శాలువా కప్పుకుని, కరుగుతున్న మంచులో అడుగులో అడుగేసుకుంటూ ఖాలా రావడం కనపడింది. నేను మెట్ల మీద పరిగెత్తాను. సగం మెట్లు దిగేసరికి హాల్లో ఫోన్ మోగింది, నాన్న ఎత్తి ఒక నిమిషం విన్నారు, విసుగ్గా గొంతు పెంచారు.

"సో హి ఈజ్ నాట్ కమింగ్. ఓకే. వి విల్ నాట్ వెయిట్ ఎనీమోర్."

తలుపు తీశాను. ఖాలా అక్కడే ఉంది. నోట్లో ఉన్న నా మాట బయటికి రాలేదు. ఆవిడ చల్లటి అరచెయ్యి నా చెంప మీద పెట్టి, "జవాబ్" అంది, అంతే. తిరిగి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

పరిగెత్తుకెళ్ళి అది ప్లంబర్ గురించి ఖాలా అని చెప్పొచ్చు. ఇరవై అడుగులుండదు. కానీ చెబితే ఆ మాట అన్నది మా నాన్నేనని ఆవిడకి ఇంకా గట్టిగా గుర్తుండిపోతుందని భయపడ్డాను. రేపు చెబుదామనుకున్నాను, మర్నాడు ఎల్లుండి అనుకున్నాను.

గురువారం నాడు నీలిపువ్వుల పళ్ళెం వచ్చింది. వెన్నలో ఎర్రగా వేయించిన పిండి, కుంకుమపువ్వు, పైన చెంచాతో అద్దిన గీతలు, హల్వా. అంతకుముందు ఆవిడెప్పుడూ చెయ్యలేదు. లొట్టలేసుకుంటూ తిన్నాం, ఎట్ల చేస్తరో అడిగిరా అంది అమ్మ. తర్వాతివారమే ఉగాది కావడంతో అదే పళ్ళెంలో వేడి వేడి భక్షాలు పెట్టి, నెయ్యి వేసి నాతో పంపింది. ఖాలా తీసుకుని కళ్ళకద్దుకుంది. కిటికీ గట్టు మీద ఫోటో లేదు. లోపలి గోడకి ఎక్కింది.

కాలేజీలో నా రూమ్మేట్ అజర్‌బైజాన్‌లోని బాకూ అమ్మాయి. ఒకరోజు మాటల్లో మాటగా చెప్పింది, వాళ్ళ దగ్గర ఆ హల్వా పోయినవాళ్ళ పేరు మీద చేసి గురువారం నాడు పొరుగువాళ్ళకి పంచుతారని. ఎల్చిన్ కర్మకి పిలుపు అందుకున్న ఇల్లు మాదొక్కటే, మేము మిఠాయి అనుకుని తిని మిఠాయి తిప్పి పంపాం.

అప్పటికి ఖాలా వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. హల్వా పంపిన ఏడాది ఎండాకాలంలోనే కూతురికి వేరే రాష్ట్రంలో ఉద్యోగమొచ్చి ఇల్లు ఖాళీ చేశారు, రెండు క్రిస్మస్‌లకి కార్డులొచ్చాయి, తర్వాత అడ్రసు మారిపోయింది. ఇక్కడ క్యారీలో ఇళ్ళ మధ్య గోడలు కలవవు, గుమ్మం ముందు నిలబడితే కెమెరా ఫోన్లో మోగుతుంది; నా పొరుగువాళ్ళ వంటింటి వాసన ఎలా ఉంటుందో నాకు తెలియదు.

అమ్మ పోయాక నాన్న నా దగ్గరే ఉంటున్నారు. మొన్న కొట్టునుంచి రాగానే, ఇన్నేళ్ళూ దాచిందంతా ఆయనకి చెప్పేశాను. ఆయన చేతిలో టీ కప్పు కింద పెట్టారు.

"ఆ ప్లంబర్ తెల్లారి వచ్చిండు గదా బిడ్డా," అన్నారు. "నువ్వు ఆమెకు చెప్పలేదా?"

చెప్పలేదు నాన్నా, అన్నాను.