రఫు చేసిన చొక్కా

వన్‌టౌన్‌లో రఫు పని అంటే ఖాసింబీ. ఎలుక కొరికిన పట్టుచీర, మేకుకు తగులుకుని చిరిగిన కోటు, నిప్పురవ్వ పడ్డ పంచె, ఏదైనా ఆమె దగ్గరికే రావాలి. ఆ బట్ట మడతలోంచే పోగులు లాగి, ఆ పోగులతోనే చిరుగును నేసి పూడ్చేది. తిరిగి ఇచ్చేటప్పుడు, "ఎక్కడ చిరిగిందో చెప్పండి చూద్దాం," అనేది. వాళ్ళు వెతికి వెతికి ఓడిపోతే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. నాన్న నేర్పిన పని అది. పనితోబాటు ఆయన ఒక మాట కూడా అప్పజెప్పి పోయాడు: చిరిగిన బట్టను చిరిగినట్టే ఉంచి పొద్దు గుంకనివ్వకూడదు, ఇంటికి అరిష్టం.

తారిక్ ఆమె తమ్ముడు. తల్లి పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు. ఎత్తుకుని పెంచింది ఖాసింబీయే. పెద్దయ్యాక హక్కుల సంఘంలో చేరాడు. ఎవరినైనా స్టేషన్లో పెట్టి కొట్టారంటే వాళ్ళ ఇంటికి వెళ్ళి కూర్చునేవాడు, అన్నీ రాసుకునేవాడు, పైవాళ్ళకు అర్జీలు పెట్టేవాడు.

"ఊళ్ళోవాళ్ళ దెబ్బలన్నీ నీకే కావాల్రా," అని ఆమె తిడితే, "నువ్వు ఊళ్ళోవాళ్ళ చిరుగులన్నీ నెత్తికెత్తుకోవట్లా అక్కా," అనేవాడు.

ఒక వానాకాలం కాలవగట్టు మీద గుడిసెలు పీకేశారు. అడ్డం పడ్డవాళ్ళను పట్టుకుపోతే, వాళ్ళ పేర్లు కనుక్కోవడానికి తారిక్ స్టేషనుకు వెళ్ళాడు. వెళ్ళినవాడిని వెళ్ళినట్టే లోపల ఉంచేశారు. ఆరో రోజు పొద్దున బెయిలు మీద ఇంటికొచ్చాడు. ఆటో దిగి నాలుగడుగులు వెయ్యడానికి గోడ పట్టుకున్నాడు. బెయిలుకు ముందు చూసిన డాక్టరు కాగితంలో మాత్రం ఒంటి మీద గాయాలేవీ లేవని రాసి ఉంది.

నీలం చారల చొక్కా వీపున జానెడు చిరిగింది. బెల్టుతో కొట్టారట. చుట్టూ నెత్తురు అట్టకట్టింది. తారిక్ జ్వరంతో మూలుగుతూ నిద్రలోకి జారుకున్నాడు. ఖాసింబీకి ఏం చెయ్యాలో తోచలేదు. ఏమీ తోచనప్పుడు ఆమె చేతులకు తెలిసింది ఒక్కటే పని. చొక్కాను చన్నీళ్ళలో నానేసి, ఉప్పు వేసి రుద్ది, మరక పోయేదాకా ఉతికింది. ఇస్త్రీపెట్టెతో తడి ఆర్చింది. పీలికలైన అంచులు కత్తెరతో సరిచేసింది. పొద్దు గుంకుతూ మగ్రిబ్ అజాన్ వినపడే వేళకు చివరి పోగు లోపలికి దూర్చింది.

మర్నాడు తారిక్ దండెం మీది చొక్కా వంక చాలాసేపు చూశాడు.

"ఎక్కడ చిరిగిందో చెప్పు చూద్దాం," అంది ఆమె, వాడిని నవ్వించాలని.

"ఓడిపోయానక్కా," అన్నాడు.

నలభై రోజులకు కిడ్నీలు పాడై చనిపోయాడు. మంచం మీద ఉండగానే ఫిర్యాదు రాసి పెట్టాడు, కొట్టిన ఇద్దరి పేర్లతో సహా. లాయరు రాజ్యలక్ష్మి దాన్ని మానవ హక్కుల కమిషన్‌కు తీసుకెళ్ళింది. ఆవిడ నల్లకోటు మోచేతి దగ్గర ఖాసింబీ చేసిన రఫే ఉంది.

"ఆ రోజు వేసుకున్న బట్టలున్నాయా?"

"ఉన్నాయి మేడమ్. శుభ్రంగా ఉతికి, రఫు చేసి పెట్టా."

రాజ్యలక్ష్మి పెన్ను కింద పెట్టింది. "తారిక్ మీకు చెప్పలేదా? అందరికీ చెప్పేవాడేనండీ. ఉతకొద్దు, కుట్టొద్దు, అలాగే కాగితం సంచిలో పెట్టి దాచండి అని."

దండెం వంక తమ్ముడు చూసిన చూపు ఖాసింబీకి అప్పుడర్థమైంది.

ఏడాదిన్నర వాయిదాలు నడిచాక, బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మేడ మీద విచారణ పెట్టారు. అధికారి మర్యాదస్తుడే. ఆమెకు కుర్చీ వేయించాడు. చొక్కాను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు.

"ఏదమ్మా చిరుగు?"

"ఇదిగోనండీ, ఇక్కడ." వేలు పెట్టి చూపించింది.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసి, గుమస్తాకు అందించాడు. గుమస్తా తిరగేసి మరగేసి చూశాడు. "ఏం పనితనమండీ! మా ఆవిడ పట్టుచీరొకటి ఆర్నెల్లుగా మూలపడి ఉంది. మీ కొట్టెక్కడ?"

"విప్పి చూపిస్తానండీ. ఒక్క పావుగంట." ఖాసింబీ సంచిలోంచి సూది తీసింది.

"వద్దమ్మా," అన్నాడు అధికారి, మెత్తగానే. "నా ముందు మీరు విప్పితే, మీరే చింపారని రాయాల్సొస్తుంది."

రాజ్యలక్ష్మి పట్టుబట్టి చొక్కాను ల్యాబుకు పంపించింది. నెత్తురు జాడ తేలలేదనీ, కుట్టు ఎప్పటిదో చెప్పలేమనీ ఐదు నెలలకు జవాబొచ్చింది. ఆ వెనకే, ఆధారాలు చాలనందున ఫిర్యాదు ముగించామని ఇంకో కాగితం, కవర్లో చొక్కా వచ్చాయి. ఫిర్యాదులో ఉన్న ఇద్దరిలో ఒకడికి అప్పటికే ప్రమోషను కూడా వచ్చింది.

ఆ రోజు ఖాసింబీ కొట్టు తెరవలేదు. కిటికీ దగ్గర కూర్చుని రఫును పోగు పోగుగా విప్పింది. చిరుగు తెరుచుకుంది. కానీ అది బెల్టు చింపిన చిరుగు కాదు. ఆ పీలికలు, ఆ నెత్తురు ఎప్పుడో మురుక్కాలవలో కొట్టుకుపోయాయి. మిగిలింది తన కత్తెర తీర్చిన నున్నటి సందు. అధికారి అన్నది నిజమే, తనే చింపినట్టుంది.

చొక్కాను అలాగే దండెం మీద వేసింది. పొద్దు గుంకింది.

తర్వాత మూడేళ్ళు బతికింది, రఫు చేస్తూనే ఉంది. గుమస్తా భార్య చీర కూడా వచ్చింది, చేసి ఇచ్చింది. ఎక్కడ చిరిగిందో చెప్పమని మాత్రం మళ్ళీ ఎవరినీ అడగలేదు.