నూట పదహారు అంకె సీసా, నా గేదె

తెనాలి కాపురస్తురాలు సూరమ్మ అనే నేను, డెబ్బై దాటిన దాన్ని, పెద్దల ముందు పెట్టడానికి చెప్పి రాయిస్తున్నాను. ఇంట్లో నేనూ, మా ఆయనా, ఒక గేదె, దాని దూడ. ఇప్పుడు గేదె లేదు. మా ఆయన పేరు నా నోటితో చెప్పను. కింద సాక్షుల్లో ఉంది, చూసుకోండి.

నేను దుగ్గిరాలలో పసుపు కొమ్ములు ఏరే పనికి వెళ్ళిన రోజున, రేపల్లెలో ఉండే మా మరిది బసవయ్య వచ్చి, ఓడలో పనిచేసే తన అల్లుడు తెచ్చిన విస్కీ సీసా మా ఆయన చేతిలో పెట్టాడు. బోర్బన్ అంటారట. దాని మీద నూట పదహారు అని అంకె ఉంది. "చదివింపుల అంకె అన్నయ్యా, శుభం. గేదెకు సరిపోద్ది" అన్నాడట. మా ఆయన తలూపాడు. బేరంలో దూడ లేదని దాన్ని వదిలేసి తల్లిని తోలుకుపోయాడు. దూడ అరుపులకు నాకు కన్ను మూతపడలేదు.

తెల్లవారగానే సీసాను పాత చీర ముక్కలో చుట్టి రేపల్లె పాసింజరు ఎక్కాను. టికెట్టు మూడు రూపాయలు, ప్రయాణం గంటకు పైనే. కూర్చోలేక తలుపు దగ్గరే నిలబడ్డాను. ప్రతి స్టేషన్లోనూ ఆగుతుంటే దిగి వెనకనుంచి తోద్దామనిపించింది.

మరిది అరుగు మీదే ఉన్నాడు. "రా వదినా. దూడను తెచ్చావా? గేదె చేపటంలా, పాలు బిగబట్టింది."

"దూడనెందుకు తెస్తానయ్యా? గేదెను తోలుకుపోను వచ్చా."

నా గొంతు వినగానే కొట్టంలో గేదె చేపింది. పాలు నేల మీదికి కారాయి. మరిది చూసి కూడా చూడనట్టు, "దొరల సరుకు వదినా ఇది. గేదెకు సరిపోదని తెలిసినోడెవడైనా చెబితే అప్పుడే తోలుకుపో" అన్నాడు.

తెలిసినవాడు బాపట్లలో ఉన్నాడు. దేవదానం, మా పక్కింట్లో పెరిగిన పిల్లాడే, చాలా ఏళ్ళు ఓడల్లో వంట చేసి వచ్చాడు. చెరుకుపల్లి మీదుగా బస్సు పట్టుకున్నాను. గంటన్నర కుదుపులు.

"ఏంటి మామ్మా, మూటలో కిరసనాయిలా?" అన్నాడు కండక్టరు.

"కాదు నాయనా, గేదె" అన్నాను. ఆ తరవాత నా జోలికి రాలేదు.

దేవదానం సీసాను వెలుతురుకి పెట్టి చూశాడు. "నూట పదహారంటే ధరా కాదు, శుభమూ కాదు పిన్నీ. ఘాటు లెక్క. అందులో సగానికి పైగా స్పిరిటే. సీలుంటే మంచి ధర పలుకుద్ది. తీస్తే ధర పోద్ది, తియ్యకపోతే రుచి తెలీదు."

"తియ్యి."

"నువ్వు తాగుతావా?"

"నా గేదె ఖరీదు నేను కాక ఎవరు చూస్తారు?"

స్టీలు గ్లాసులో కాస్త పోసి, కాసేపు ఆగమన్నాడు. నోరు తెరిచి వాసన చూడమన్నాడు. మాడబోతున్న బెల్లం పాకం, కొత్త చెక్కపెట్టె. గుక్క వేస్తే నాలుక మొద్దుబారి, బొడ్డు దాకా నిప్పు దిగింది. నాలుగు నీటి చుక్కలు కలిపాక మగ్గిన అరటిపండు తగిలింది. మంచి సరుకే. అబద్ధమాడను.

"గేదెకు సరిపోద్దా?" అని అడిగాను.

"దీన్ని నేను నాలుగు రోజుల్లో ఖాళీ చేస్తా పిన్నీ. గేదెను ఎట్టా ఖాళీ చేస్తాం?"

నిడుబ్రోలు మీదుగా రైల్లో తిరిగొస్తూ ఆ మాటే తలుచుకున్నాను. ఆ సీసా ఎంత గొప్పదైనా రుచి చూసిన ప్రతిసారీ కాస్త తక్కువవుతుంది. గేదెను పొద్దున పిండితే సాయంత్రానికి మళ్ళీ నిండుతుంది. ఈ దారిన ఇలాంటి సీసాతో వెళ్ళేవారు దాన్ని నిలబెట్టి ఒళ్ళో పెట్టుకోండి. పడుకోబెడితే ఆ ఘాటుకు బిరడా నాని పాడవుతుందని దేవదానం చెప్పాడు.

పెద్దలకు నా మనవి. మిగిలిన సీసా మరిదికి పంపిస్తాను, నా గేదెను నాకు ఇప్పించండి. ఒక గుక్క తగ్గిందని అతను అంటే, నా గొంతు విని గేదె ఆ కొట్టంలో కార్చిన పాలు ఎవరివో ముందు చెప్పమనండి.

సూరమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర
సాక్షులు: దేవదానం, బాపట్ల
కోటయ్య, సూరమ్మ భర్త, తెనాలి