గుంతలో ఉన్నప్పుడే అడగాలి

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. నాయనను ఏదైనా అడగాలంటే ఆయన మగ్గం మీద ఉన్నప్పుడే అడగాలి. మాది గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు దించి, ముందు పట్టు పోగులు బిగించుకుని కూర్చున్న మనిషి ఎంత కోపమొచ్చినా గబుక్కున లేవలేడు. పోగుల మధ్య అటూ ఇటూ ఆడించే నాడె పక్కన పెట్టాలి, పోగులు తెగకుండా చూసుకోవాలి, కాళ్ళు పైకి లాక్కోవాలి. ఆలోపు అడిగినవాళ్ళు వీధి మలుపు తిరిగి ఉంటారు. అమ్మ గ్యాసు పొయ్యి అట్లాగే సాధించింది. ధర్మవరంలో మిగతా నేత ఇళ్ళ సంగతి నాకు తెలియదు గానీ, మా ఇంటికి మాత్రం ఇదే రాజ్యాంగం.

పోయిన ఏడాది మునిసిపల్ హైస్కూల్లో పది పాసయ్యాను. లెక్కల్లో నా మార్కులు నేనే నమ్మలేక, హాల్‌టికెట్టు నంబరు ఫోనులో మళ్ళీ కొట్టి చూసుకున్నాను. అప్పట్నుంచి నాకు కాలు ఒకచోట నిలవలేదు.

నాకేం కావాలో నాకు తెలుసు. అనంతపురం ప్రభుత్వ కాలేజీలో ఎంపీసీ. రోజూ రైలెక్కి పోవాలి, రైలెక్కి రావాలి. లెక్కలిష్టమా, రైలిష్టమా అని అడిగితే మాత్రం నన్ను ఇరుకున పెట్టినట్టే. అమ్మకేమో బైపీసీ కావాలి, అదీ మా ఊళ్ళోనే. "డాక్టరైతే ఊరంతా చెయ్యెత్తి మొక్కుతారు" అంటుంది. బొద్దింకను చూస్తే మంచమెక్కే పిల్లను పట్టుకుని డాక్టరు కమ్మంటే ఏం చెప్పాలి? నాయన ఒక్కడే ఏమీ అనలేదు. మా ఇంట్లో ఆఖరి మాట ఆయనది.

అందుకని నా తరఫున మాట్లాడటానికి గుంతకల్లు నుంచి మేనమామను పిలిపించాను. ఆయనది రైల్వేలో పని. మాట నేర్పు ఉంది, దాన్ని మించిన పొట్టా ఉంది. పొద్దున టిఫిన్లయ్యాక, నాయన గుంతలో కాళ్ళు పెట్టగానే అడగాలని ఇద్దరం అనుకున్నాం. నేను ముందుజాగ్రత్తగా చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాను.

మామ మొదలుపెట్టడం బాగానే పెట్టాడు. బావను మంచి చేసుకుందామని ముందు నేతపనిని పొగిడాడు. అక్కడితో ఊరుకోవచ్చు కదా.

"బావా, ఒగతూరి నన్ను కూర్చోనీ. నేనూ చూస్తా."

నాయన ఏమనుకున్నాడో, నాడె పక్కన పెట్టి పైకొచ్చి చోటిచ్చాడు. మామ గుంతలోకి దిగాడు. దిగాక పొట్టకూ ముందున్న కర్రకూ మధ్య గాలి దూరే సందు కూడా మిగల్లేదు. కదలబోయాడు, కుదరలేదు. నా వకీలు గుంతలో ఇరుక్కున్నాడు. నాయన బయట ఉన్నాడు, చేతులూ కాళ్ళూ ఖాళీగా. నాకు నవ్వూ భయమూ ఒకేసారి తన్నుకొచ్చి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

నాయన నా వైపు తిరిగాడు. "చెప్పులిడ్సి లోపలికి రామ్మా. మీ మామను ఎందుకు పిలిపిస్తివి?"

ఎక్కిళ్ళ మధ్యే చెప్పాను. ఎంపీసీ అన్నాను, అనంతపురం అన్నాను, రైలన్నాను. ఆయన మధ్యలో ఆపలేదు.

"ఈ మాట చెప్పేకి గుంతకల్లు నుంచి మనిషి రావల్లనా?"

"నువ్వు కోప్పడతావని, నాయనా."

"గుంతలో ఉంటే నేనేమీ చెయ్యలేనని కదా మీ లెక్క. నాకు తెలీదనుకుంటాండారా?" అన్నాడు. "పని లేని దినం గూడా నేను ఆడనే ఎందుకు కూర్చుంటాననుకున్న్యావు? మీరు నాతో మాట్లాడేది అప్పుడే కదా."

పదహారేళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఆ సంగతి నాకు తట్టనే లేదు. ఆయన మాత్రం ఏమీ అననట్టే మామ చంకల కింద చేతులు వేసి లాగడం మొదలుపెట్టాడు. "ఉప్పు బస్తా నయమప్పా" అన్నాడు. వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చిన అమ్మా నేనూ చెరో చెయ్యి పట్టుకున్నాం. మామ పైకొచ్చేసరికి నలుగురం నేల మీద పడి నవ్వుతున్నాం. అమ్మ నవ్వుతూనే బైపీసీ అంది. ఎవరూ వినిపించుకోలేదు.

అయితే నాయన ఆ రోజు సరేననీ అనలేదు, కాదనీ అనలేదు. కాలేజీలో చేర్చే రోజు పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని నన్ను స్టేషనుకు తీసుకుపోయాడు. అనంతపురం రైలు. ఊరు ఖాయమైనట్టే, గ్రూపే తెలియదు. కిటికీ పక్క సీటు నాకిచ్చాడు. దున్ని వాన కోసం వదిలేసిన ఎర్ర చేలు వెనక్కి పోతుంటే, నాకు ఈల వేయాలనిపించింది.

కాలేజీ ఆఫీసులో గుమాస్తా తల ఎత్తకుండానే నాయనను అడిగాడు, "ఏ గ్రూపన్నా?"

నాయన పక్కకు జరిగి, భుజం పట్టుకుని నన్ను బల్ల ముందుకు తెచ్చాడు.

"నన్నడుగుతావేమప్పా. చదివేది ఈ పాప. ఈ పాపనే అడుగు."

ఎంపీసీ అన్నాను. వరండా చివర నిలబడ్డవాళ్ళు కూడా తిరిగి చూశారు.