పగలని గుడ్లు

నూజివీడు కొట్లో మాగేసిన మామిడిపళ్ళ కోసం గడ్డి తొలగిస్తుంటే, చిన్నప్పుడు ఇసుకలో చూసిన తాబేలు గుడ్లు గుర్తొచ్చాయి.

ఆ వేసవిలో అమ్మ చెల్లెలు, మా పిన్ని, మా ఇంట్లోనే ఉంది. నాన్న అందరినీ బందరు సముద్రానికి తీసుకెళ్ళారు. తెల్లవారుతుండగా గుడ్లకు కాపలా ఉండే మనిషి ఇసుక తవ్వాడు. తడితడిగా, నల్లగా ఉన్న పిల్లలు పాక్కుంటూ నీళ్ళలోకి వెళ్ళిపోయాయి. అడుగున కొన్ని గుడ్లు పగలకుండా మిగిలాయి.

"ఇంకివి పిల్లలవ్వవండీ," అన్నాడతను.

పిన్ని వాటి మీద మెల్లగా ఇసుక కప్పింది. "కాసేపు చూద్దాం బావగారూ," అంది. ఎండెక్కినా లేవలేదు.

"వెళ్దాం పిన్నీ, ఆకలేస్తోంది," అన్నాను. అమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది. పిన్నికి తాబేలు పిల్లలంటే అంతిష్టమేమో అనుకున్నాను.

పురిట్లోనే బిడ్డ పోయాక పిన్ని మా ఇంటికొచ్చిందని పెద్దయ్యాక తెలిసింది. ఆ బిడ్డని ఆమెకి చూపించనే లేదట.