సారు పేరుమీద కోసిన యాట

సూర్యాపేట బడిలో నాకు చదువు చెప్పిన సారు పోయారు. పోలీసు యాక్షన్ అయినా దారులింకా కుదుటపడలేదు, ఆ కబురు మిర్యాలగూడకు నాలుగు రోజులు ఆలస్యంగా చేరింది. కడచూపు దక్కలేదు. పదకొండో రోజుకైనా అందుకుందామని నేరేడుచర్ల పక్కనున్న ఆయన ఊరికి వెళ్లాను. వెళ్లకున్నా బాగుండేది. ఆ కోపం ఇంకా చల్లారలేదు.

సారు బుద్ధుడి మాట పట్టుకున్న మనిషి. భిక్షువుల నియమం ఎక్కడ చదివారో గానీ చివరిదాకా తప్పలేదు. తన కోసం చంపారని చూసినా, విన్నా, అనుమానం కలిగినా ఆ మాంసం ముట్టరు. అలా కాకుంటే, ఎవరింట్లో ఏది వండుకుంటే అదే తింటారు. మఠంపల్లిలో కూలివాళ్లింట జొన్నగటక, ఎండుచేపల పులుసు ఎంత ఇష్టంగా తిన్నారో!

కోదాడలో ఒక షావుకారు ఎగతాళి చేశాడు.

"బుద్ధుడి మాటలు చెప్తరు, చేపలు తింటరు. మేమే నయం సారూ, పప్పూ నెయ్యే!"

సారు నవ్వలేదు. "ఆ చేపను పట్టినోనికి నేనెవర్నో తెల్వదు. నీ నెయ్యి కోసం దూడను గుంజకు కట్టేసింది నువ్వే గద. గాడ అరుస్తున్నది, ఇనవడ్తలేదా?"

అలాంటి మనిషి వాకిట్లో, నేను వెళ్లేసరికి, కోసిన యాట, ఓ మేకపోతు, వేలాడుతోంది. పిట్టకు పెట్టడానికట, కాకై వచ్చి సారే తింటారని!

"సారు కోసమని కోస్తే సారు తింటరా?" అని ఆయన బామ్మర్దిని నిలదీశాను.

"ఎండుచేప తిన్నోడు యాట తినడా? పాపం, మా బావ నోరు కట్టుకొని బతికిండు. ఇప్పుడన్న కడుపునిండ పెట్టాలె. నువ్వు జర కూసో."

ఒళ్లు మండిపోయింది. నోరు కట్టుకోవడమా! ఒక్కనాడైనా ఆయన మాట చెవిన పెట్టిన మొహాలేనా ఇవి? కార్జం ఎవరికని చుట్టాలు అప్పుడే పంచాయితీ పెట్టుకున్నారు. సిగ్గులేని జనం.

కూర వండారు, పిట్ట కోసం విస్తరిలో వడ్డించారు. నేను అరవబోయేంతలో, అంతదాకా గోడకానుకుని కూర్చున్న సారు భార్య లేచి వచ్చింది. ఆ విస్తరిని రెండు చేతులా ఎత్తి పట్టుకుంది.

"ఇది ఆయన పేరుమీద కోసింది. ఆయన ముట్టడు. 'మా కోసమే కోసుకున్నం అక్కా' అని ఒక్కమాట అను తమ్మీ. గప్పుడు పెడ్త."

తమ్ముడు తల దించుకున్నాడు. ఆమె విస్తరి దించలేదు. కూర రసం మోచేతుల దాకా కారుతున్నా, ఒక్కొక్కరి మొహంలోకి చూస్తూ అలాగే నిలబడింది.