గుమ్మటం కింది గొంతు

“మావాడు వాళ్ల నాన్నని మర్చిపోతాడు కదా, బాబాయ్?”

బాబాయ్ టికెట్లు చింపడం ఆపలేదు. నక్షత్రశాలలో ఆయనకి మిగిలిన పని ఇప్పుడదే. “మర్చిపోతాడు. నాలుగేళ్ల వెధవ. నువ్వే మర్చిపోతావు, వాడో లెక్కా?”

భర్త పోయిన ఈ ఏడాదిలో ఆమెకి ఇంత మొహాన కొట్టినట్టు మాట్లాడినవాళ్లు లేరు. ఫిజిక్స్ చదివింది కాబట్టి వాదనకి దిగింది. కృష్ణబిలంలో పడినదాని ఆనవాళ్లు శాశ్వతంగా పోతాయని కొందరంటారు. బిలం అంచు మీదే ముద్రపడి ఉంటాయని కొందరు. యుగాల తరబడి బయటికి జారే సన్నటి వేడిలో కలగాపులగమై తిరిగొస్తాయని ఇంకొందరు. ఏదీ తేలలేదు. ఆమెకి మాత్రం మూడోదే కావాలి. అందుకే పొద్దున ఇంట్లో కొడుకుతో, “నాన్న ఎక్కడికీ పోలేదు, ఎక్కడో ఉన్నాడు” అంది. వాడు చెప్పులేసుకుని గుమ్మంలో కూర్చున్నాడు, వెళ్లి తీసుకొద్దామని.

“మీ పిన్నీ అదే అనేది,” అన్నాడు బాబాయ్, గుమ్మటం వైపు గడ్డం ఎగరేసి.

పిన్ని ఇక్కడే టైపిస్టు. బయటివాళ్లని పిలవడం దండగని ఆఫీసువాళ్లు ప్రదర్శన వ్యాఖ్యానం ఆవిడ చేతే చదివించి టేపు చేశారు. “ఏదీ పూర్తిగా నశించకపోవచ్చు” అన్నది చివరి వాక్యం. ఆవిడ పోయాక కూడా బాబాయ్ చీకట్లో ప్రొజెక్టర్ పక్కన కూర్చుని ఆ గొంతు వింటూనే ఉన్నాడు. ఇంట్లో ఆయన్ని చెడామడా దులిపేసిన గొంతు, అక్కడ మాత్రం మహా మర్యాదగా పలికేది.

కొత్త యంత్రం వచ్చింది. పాత టేపు చెరిపేశారు. గోల పెడితే ఆఫీసరు ఓదార్చాడు: “ఒక్క అక్షరం మార్చలేదండీ. గొంతొక్కటే కొత్తది.”

“మాటలన్నీ నాకు నోటికొచ్చు,” అన్నాడు బాబాయ్. “నశించకపోవచ్చు అనే ముందు ఆవిడ ఎక్కడ ఊపిరి తీసుకునేదో మాత్రం గుర్తు రావట్లేదు. అన్నేళ్లు విన్నానే గానీ ఒక్కసారైనా ఆవిడలా అని చూశానా? ఇప్పుడు ఆ బిలం అంచున వెతుక్కోమంటావా?”

“మరి నన్నేం చేయమంటావు?”

“ముందు ఆ ‘ఎక్కడో’ మానెయ్. చచ్చిపోయాడని చెప్పు. తర్వాత వాడి నాన్న సంగతులు కావాలనే తప్పు చెప్పు. వాడి చేత దిద్దించు.”

ఇంటికెళ్లి మొదటిది చెప్పింది. వాడు చెప్పులు విప్పి ఆమె మీదికి విసిరాడు. రెండోది రోజూ అన్నం పెడుతూ చేస్తోంది.

“నాన్న తుమ్మితే పక్కింటి పిల్లి అరిచేది.”

“పిల్లి కాదమ్మా, కుక్క! నీకేం తెలీదు!”

మొన్న మాత్రం పిల్లి అన్నా ఊరుకున్నాడు. బొమ్మకారు తోసుకుంటూ ఊఁ అన్నాడు. ఆమె వంటింట్లోకెళ్లి బాబాయ్‌కి ఫోన్ చేసింది. “పిల్లి అన్నాను, బాబాయ్,” అంది.

“ఏం, దిద్దలేదా?” అన్నాడాయన. “దిద్దడు, ఒక్కోరోజు. కూర్చుని ఏడవకు. ఇవాళ కుక్క అని చెప్పు. రేపు మళ్లీ పిల్లి అను.”