ఆమెన్ దాకా ఆగని కీరదోసకాయ

ఇంటికి దూరంగా మూడు నెలలు ఉండి వస్తే చాలు, లోకమంతా చుట్టి వచ్చినట్టు నడిచే వయసు ఒకటుంటుంది. ఆ రోజుల్లో నాది సరిగ్గా అదే వయసు. సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకి రాని కాలం. రెండు వేల నాలుగో, ఐదో అయి ఉండాలి. దసరా సెలవులకని నారాయణఖేడ్‌లో బస్సు దిగి, పెట్టెను నెత్తిన పెట్టుకోకుండా చేత్తో వేలాడేసుకుని (నెత్తిన పెట్టుకుంటే పల్లెటూరి దానిలా కనిపిస్తానని భయం, ఆ చేయి రెండు రోజులు లేవలేదు) ఇంటిదాకా నడిచిన నన్ను తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మా వాడలో ఇంటర్ దాటి హైదరాబాద్‌లో డిగ్రీకి వెళ్ళిన మొదటి ఆడపిల్లను నేనే. ఆ సంగతి ఎవరూ మరిచిపోకుండా నేను చాలా జాగ్రత్తలు తీసుకున్నాను.

నేను చేరింది హోమ్ సైన్స్‌లో. ఆ పేరు మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు గానీ, అందులో వంట కూడా నేర్పుతారన్న ఒక్క ముక్క మాత్రం ఎలాగో పెద్దబాపు చెవిన పడింది. పెద్దబాపు అంటే మా బాపుకు, అంటే నాన్నకు, అన్న. ఇంటికి పెద్ద, మా చర్చిలో సంఘపెద్ద కూడా. ఆయన సరేనంటేనే మా ఇంట్లో ఏదైనా జరుగుతుంది. బాపు ఆయన ముందు మంచం మీద కూర్చోను కూడా కూర్చోడు. నేను వచ్చిన మర్నాడే పంచాయితీ మొదలైంది.

"వంట నేర్చుకోనీకి పట్నం పోవుడేంది? మీ పెద్దమ్మ సచ్చిందా?" అన్నాడు పెద్దబాపు. పక్కనే చిక్కుడుకాయలు తుంపుతున్న పెద్దమ్మ, బతికే ఉన్నానన్నట్టు ఒకసారి దగ్గింది.

"వంటొక్కటే కాదన్నా, శానా ఉంటయట..." అని బాపు నసిగాడు.

"ఏమేం ఉంటయో నాకేం ఎరుక? కోత పండుగ నాడు గీ బిడ్డ నేర్చింది ఒక్కటి చేసి పెట్టుమను. తిన్నంక చెప్త, మళ్ళ పోవాల్నో, ఇంట్లనే ఉండాల్నో."

పెద్దబాపుకు తెలియనిది, బాపుకు నేను చెప్పనిది ఏమిటంటే, ఆ మూడు నెలల్లో మమ్మల్ని పొయ్యి దగ్గరికే రానివ్వలేదు. మొదటి ఏడాది వాళ్ళం కదా, ఏ విటమిన్ దేనిలో ఉంటుందో రాసుకోవడమే సరిపోయింది. కత్తి పట్టింది ఒక్క మధ్యాహ్నం. ఆ రోజు మా మేడమ్ నేర్పింది సలాడ్. అంటే, అటుచూసి ఇటుచూసి పావుగంటలో అయిపోయే ఆ పచ్చి ముక్కల మీద ఇప్పుడు నా మూడేళ్ళ చదువు ఆధారపడి ఉంది. మటన్ కూర, బగారా అన్నం, జొన్నరొట్టెలు వడ్డించే చోట నేను తరిగిన క్యాబేజీ పెట్టి, దీని కోసమే హైదరాబాద్ వెళ్ళానని ఇంటిల్లిపాదికీ చెప్పాలి.

కోత పండుగంటే మా క్రైస్తవుల ఇళ్ళలో చిన్న పండుగ కాదు. పెసలు, మినుములు ఇంటికి వచ్చి, కంది ఇంకా పూత మీద ఉండే రోజుల్లో ఒక ఆదివారం, పండిన దాంట్లో మొదటిది గుడికి, అంటే మా చర్చికే, తీసుకెళ్ళి దేవుని ముందు పెట్టి, ఇంటికొచ్చి అందరూ కలిసి తింటారు. దానికి రెండు రోజుల ముందే నేను కొత్త పెసలు నానబెట్టి మొలకలెత్తించాను. అంగట్లో క్యారెట్, క్యాబేజీ, కీరదోసకాయలు ఏరి తెచ్చాను. పచ్చి జామకాయ కూడా చిన్న ముక్కలుగా కోసి వేద్దామనుకున్నాను. అది మాత్రం నా సొంత తెలివి. మా పెద్దమ్మ ఆ కుప్పను చూసి, "ఉడకబెట్టవా? గిట్లనే తినాలెనా? మనమేమన్న మేకలమా?" అంది. తిట్టాలని కాదు, నిజంగానే అడిగింది. "కరకరలాడుతది పెద్దమ్మా, పంటి కింద పటపటమంటది, చూడు" అన్నాను. ఆ మాట నేను ఇంట్లో కనీసం పదిమందికి చెప్పి ఉంటాను.

పండుగ పొద్దున నిమ్మకాయల కోసం పక్కింటి ఖాలా దగ్గరికి వెళ్ళాను. ఖాలా వాళ్ళింట్లో ఉర్దూ మాట్లాడుకుంటారు గానీ, మాతో మాకంటే మంచి తెలుగు మాట్లాడుతుంది. నిమ్మకాయలు ఇస్తూ దేనికని అడిగింది. నేను కాలేజీ గొంతు తెచ్చుకుని ఉల్లిగడ్డ, కీర, టమాట, కొత్తిమీర, నిమ్మరసం అని మొదలుపెట్టానో లేదో, ఖాలా నా మొహంలోకి ప్రేమగా చూసి, "గిది మా కచుంబరే కద బిడ్డా! ప్రతి దావత్‌ల బిర్యానీ పక్కన పెడ్తం. దీనికోసం పట్నం దాంక పోయినవా?" అంది.

నిజమే, చిన్నప్పటి నుంచి వాళ్ళ దావత్‌లలో నేను తింటున్నది అదే. మేడమ్ దానికి ఇంగ్లీషు పేరు పెట్టి బోర్డు మీద రాసేసరికి నేను గుర్తుపట్టలేదంతే. "ఖాలా, నీ కాళ్ళు మొక్కుత, మా ఇంట్ల ఎవ్వరికీ చెప్పకు" అన్నాను. "నేనెందుకు చెప్త? పరేషాన్ కాకు, పో" అని ఖాలా ఇంకో రెండు నిమ్మకాయలు చేతిలో పెట్టింది. మధ్యాహ్నం తను కూడా భోజనానికి వస్తానంది. వస్తే ఎక్కడ నోరు జారుతుందోనని, చెప్పనన్న సంతోషం కూడా నాకు మిగల్లేదు.

అయినా నాకొక ధైర్యం ఉంది. మేడమ్ చెప్పిన సూత్రం ఒకటి నా నోటు పుస్తకంలో ఎర్ర సిరాతో గీత గీసి మరీ ఉంది. ఉప్పూ నిమ్మరసమూ ముందే కలపకూడదు, కలిపితే ముక్కల్లోంచి నీళ్ళు దిగి మెత్తబడిపోతాయి. తినేవాళ్ళు వచ్చి కూర్చున్నాకే కలపాలి. ఖాలాకు ఈ శాస్త్రం తెలియదు కదా, నాది సలాడే, కచుంబర్ కాదు అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. గుడి నుంచి వచ్చాక అన్నీ తరిగి, పల్లీలు వేయించి దంచి, పెద్ద స్టీలు బేసినులో సిద్ధంగా పెట్టాను. వాకిట్లో చాపలు పరిచారు. అందరూ వచ్చి వరుసగా కూర్చున్నారు. ఆ క్షణమే, అచ్చం మేడమ్ చెప్పినట్టే, ఉప్పు చల్లి, నిమ్మకాయలు పిండి, కలియబెట్టి బేసిను పట్టుకుని వాకిట్లోకి వచ్చాను. క్యారెట్ ఎర్రగా, కీర పచ్చగా నిగనిగలాడుతున్నాయి. ఒక ముక్క నోట్లో వేసుకుంటే కరకరమంది. నా బతుకులో అంత గర్వపడిన సందర్భం మరొకటి లేదు.

మేడమ్‌కు తెలియనిది ఒకటుంది. మా ఇంట్లో కూర్చోవడానికీ తినడానికీ మధ్య ప్రార్థన ఉంటుంది. అది నాకు తెలుసు గానీ, పండుగ నాడు ప్రార్థన చేసేది చర్చి అయ్యగారు. ఆయన ఆ రోజు పది ఇళ్ళకు తిరగాలి కాబట్టి రెండు ముక్కల్లో ముగించేస్తాడు. నా లెక్క ఆ రెండు ముక్కలదే. అయితే అంతలో కబురొచ్చింది, అయ్యగారు సిర్గాపూర్‌లో ఆగిపోయాడు, సాయంత్రానికి గానీ రాడని. పెద్దబాపు తుండుగుడ్డ భుజాన సర్దుకుని లేచి నిలబడ్డాడు.

"ఇగ ప్రార్థన నేనే చేస్త" అన్నాడు.

పెద్దబాపు ప్రార్థన గురించి చెప్పాలంటే, మా పెద్దమ్మ బగారా అన్నాన్ని ఆ ప్రార్థనతోనే కొలిచి వండుతుంది. ఆయన మొదలుపెట్టగానే బియ్యం దమ్ముకు పెడితే, ఆమెన్ అనేసరికి మెతుకు మెతుకు విడివిడిగా దిగుతుంది. ఆ రోజు కూడా ఆయన లేచి నిలబడటం చూడగానే ఆమె వంటింట్లోకి పరుగెత్తి మంట తగ్గించి, మూత మీద నిప్పులు పోసి వచ్చి కళ్ళు మూసుకుంది. మూడు నెలలు ఆహారశాస్త్రం చదివిన నాకు ఆ ఆలోచన రాలేదు.

"కృపగల తండ్రీ, ఈ ఏడు వానలిచ్చినవు, నీకు స్తోత్రం" అని మొదలైంది. అందరూ కళ్ళు మూసుకుని "స్తోత్రం" అన్నారు. నేను కళ్ళు తెరిచి బేసినులోకి చూశాను. కీర ముక్కల మీద సన్నగా చెమట పట్టింది. "చెరువులు నింపినవు, స్తోత్రం. పెసల్లు ఇంటికి తెచ్చినవు, స్తోత్రం." బేసిను అడుగున ఒక చెంచాడు నీళ్ళు. "నాగల్‌గిద్ద దిక్కు కందికి పురుగు రానీయకు తండ్రీ..." నాగల్‌గిద్దలో మాకు కంది లేదు, చుట్టాలు కూడా లేరు! ఆయన అక్కడి నుంచి ఒక్కొక్క ఊరే తిరగడం మొదలుపెట్టాడు. కూలికి హైదరాబాద్ పోయిన వాళ్ళను పేరు పేరునా తలచుకున్నాడు. వాళ్ళ మేస్త్రీలకు మంచి బుద్ధి ఇమ్మన్నాడు. మా ఎడ్ల దగ్గరికి వచ్చాడు. రెండు ఎడ్లకూ విడివిడిగా అడిగాడు.

నేనిక ఆగలేకపోయాను. బేసిను కాస్త వంచి, అరచేయి అడ్డం పెట్టి నీళ్ళు వాకిట్లో మట్టిలోకి వంపాను. నీళ్ళతో పాటు ఉప్పూ పులుపూ కూడా పోయాయని నాలుక మీద వేసుకుంటే తెలిసింది. పిల్లిలా వంటింట్లోకి పాకి ఉప్పు తెచ్చి మళ్ళీ చల్లాను. ఉప్పు పడగానే మళ్ళీ నీళ్ళు దిగాయి. మళ్ళీ వంపాను. మూడోసారి వంపినప్పుడు బాపు కాలి మీద పడింది. ఆయన కళ్ళు తెరవకుండానే కాలు వెనక్కి తీసుకున్నాడు. పెద్దమ్మ మాత్రం ఒక కన్ను తెరిచి నన్ను చూసి, మళ్ళీ మూసుకుంది. మధ్యలో అందరూ ఎప్పటికంటే గట్టిగా "స్తోత్రం" అన్నట్టు లీలగా గుర్తు. నేను అనలేదు. క్యాబేజీ పీలికలు తడి గుడ్డలా ఒకదానికొకటి అతుక్కుపోతుంటే, నా చదువు నా కళ్ళ ముందే నానిపోతుంటే, నాకు దేవుని మీదా పెద్దబాపు మీదా ఒకేసారి కోపమొచ్చింది. ఆయన కావాలనే పొడిగిస్తున్నాడనుకున్నాను.

ఆమెన్ వచ్చేసరికి పెద్దమ్మ అన్నం మల్లెపూలలా దిగింది. నేను మాత్రం బేసిను మోసుకుని వరుస వెంట నడిచాను. గరిటెతో వడ్డించాల్సి వచ్చింది. పెద్దబాపు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు.

"కరకర అన్నవు కద బిడ్డా, ఏదీ?" అన్నాడు చివరికి. మిగిలింది అన్నం మీద పోసుకుని కలుపుకున్నాడు. "చారు లెక్క తీస్కుంటే బాగనే ఉంది" అన్నాడు.

నా తరఫున మాట్లాడాలని ఖాలాకు అప్పుడే అనిపించింది. "లే భాయ్, మంచిగ చేసింది పిల్ల! మా కచుంబర్ కంటె మంచిగుంది!" అని వాకిలంతా వినిపించేలా అంది. అందరూ ఒక్కసారి బేసినులోకి చూశారు. "అరే, అవును, గిది కచుంబరే" అన్నారెవరో. భూమి చీలితే దిగిపోదామని చూశాను. వాకిట్లో చీలింది ఏమీ లేదు, నేను వంపిన నీళ్ళకు బురద మాత్రం అయింది.

పెద్దబాపు చేయి కడుక్కుని లేచాడు. పోవాలనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఇంక అనడానికేముంది? నేను లోపలికి వెళ్ళి పెట్టె తెరిచి, పుస్తకాలు ఒక్కొక్కటే తీసి గూట్లో పెట్టడం మొదలుపెట్టాను. మర్నాడు పొద్దున్నే నా బస్సు. ఆ బస్సు నేను లేకుండా పోతుంది. నోటు పుస్తకం గూట్లో పెడుతుంటే ఏడుపు ఆగలేదు. విటమిన్ల బొమ్మలన్నీ రంగు పెన్సిళ్ళతో వేసుకున్నాను.

అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏం చేస్తున్నవే? పొద్దుగాల పోయేదానివి, పుస్తకాలెందుకు బయట పెడ్తున్నవ్?"

"పెద్దబాపు ఏం చెప్పలే కదనే. గా నీళ్ళు తాపించినంక ఇగ ఏం పంపిస్తడు?"

అమ్మ నన్ను వింతగా చూసింది. "ఏం చెప్పలేదంటవేంది? ప్రార్థనల అంత గట్టిగ చెప్పె! మేమందరం స్తోత్రం అంటిమి. నువ్వు అనలే?"

పెద్దబాపు నా కోసం ప్రార్థన చేశాడట. ఎడ్ల తరువాత నా పేరే ఎత్తాడట. ఇంకా ముద్ద నోట్లో పెట్టకముందే, దేవుని ముందు, అందరూ వింటుండగా. నేను అప్పుడు బేసిను వంపుతున్నాను.

"ఏమన్నడే? అన్నది అన్నట్టు చెప్పు" అని అమ్మను పట్టుకున్నాను. ఈ బిడ్డ చదువు నడుమల ఆపకు తండ్రీ అన్నాడని అమ్మ చెప్పింది. బాపును అడిగితే, అట్లా కాదు, మా ఇంట్లో ఎవరూ పోని దూరం పోయింది, దాని వెంట నువ్వుండు అన్నాడని చెప్పి మొహం పక్కకు తిప్పుకున్నాడు. పెద్దమ్మను అడిగితే మాటలు గుర్తులేవంది. "గొంతు వణికింది మీ పెద్దబాపుకు. గందుకే అన్నం కొంచెం ఎక్కువ దమ్మయింది" అంది.

ముగ్గురూ మూడు రకాలుగా చెప్పేసరికి నేను నేరుగా పెద్దబాపు దగ్గరికే వెళ్ళాను. అరుగు మీద కూర్చుని బీడీ ముట్టించుకుంటున్నాడు. "పెద్దబాపు, ప్రార్థనల నా గురించి ఏమన్నవ్?" అని అడిగాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"దేవునికి చెప్పిన. నీకు చెప్పలే" అన్నాడు. "చెప్పినప్పుడు యాడ పోయినవ్?"

నేను మర్నాడు బస్సెక్కాను, డిగ్రీ పూర్తి చేశాను, ఇప్పుడు నేనే పిల్లలకు పాఠం చెబుతున్నాను. ఆ మాటలేమిటో మాత్రం ఆయన ఎంత అడిగినా చెప్పలేదు. ఇప్పటికీ ప్రతి కోత పండుగకూ వెళ్ళి ఆయన పక్కనే కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకుని, చెవులు రిక్కించి వింటాను. వానలు వస్తాయి, కంది వస్తుంది, ఎడ్లు పోయి ట్రాక్టర్ వచ్చింది. నా పేరు మాత్రం రాదు. ఉద్యోగం వచ్చింది కదా, ఇంక దేవుణ్ణి అడగడానికేముందని అనుకుంటాడు కాబోలు. అయినా స్తోత్రం అన్నప్పుడల్లా, ఆ పద్దెనిమిదేళ్ళ పిల్ల ఆనాడు అనకుండా పడేసుకున్న స్తోత్రాన్ని కూడా కలిపి, అందరికంటే గట్టిగా నేనే అంటాను.